గమ్యఫలక వైభవం

జయము జయము నీకు, ఓ రైలుపెట్టె గమ్యఫలకమా! ఎక్కేవాడు తలుపు దగ్గరే నిలబడతాడన్న పామరపు ఆలోచన దరిచేరనీయక, రెండు తలుపులకూ సమదూరాన, పెట్టె నట్టనడుమ కొలువుదీరిన మధ్యస్థ శిఖామణీ! లోపల కూర్చున్నవాడికి జన్మలో కనపడక, బయట పరుగెత్తేవాడికి గుంపు తలల వెనుక దోబూచులాడుతూ, చీకటి పడ్డాక దీపమనే ఆడంబరాన్ని కూడా త్యజించిన నిగర్వీ, నిరాడంబరీ!

నీ సమదృష్టిని ఏమని కొనియాడను? కాకినాడ పోర్టు, పుదుచ్చేరి అని రెండు కొసలనూ ఒకే పలకపై ఒకే కొలత అక్షరాలతో ఆదరిస్తావే గాని, బండి ఎటు పోతున్నదో చెప్పి ఏ ఊరినీ చిన్నబుచ్చవు. పుదుచ్చేరి లైను చివర గనుక అక్కడ నీ లీల బయటపడదు. నడిదారిన విల్లుపురం జంక్షన్‌లో పెట్టె దించి నిలబడిన యానాం వాసికి కదా నీ మహిమ! తన సొంత పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనే ఒక చివర నుంచి మరో చివరకు 800 కిలోమీటర్ల పైచిలుకు పోవలసిన ఆ భాగ్యశాలికి, దిక్కును దైవానికే వదిలేసే వైరాగ్యం ప్లాట్‌ఫారం మీదే, ఉచితంగా ప్రసాదిస్తావు.

ఒకే పెట్టెల వరుస పొద్దున ఒక ఊరికి, రాత్రి మరో ఊరికి తిరుగుతున్నా నిన్నటి పేరును విడువని నీ పాతివ్రత్యం సతులకే పాఠం. ఇక ఎల్ఈడీ అవతారంలోనైతే నువ్వు గణిత విశారదవు! నంబరు, పేరు, ఊరు. మళ్లీ హిందీలో, ఇంగ్లిషులో, స్థానిక భాషలో... ఒక్కొక్కటే పల్లకిలో ఊరేగించి, మనకు కావలసిన మాట వచ్చే క్షణానికే బండి కదిలేలా కాలాన్ని కొలుస్తావు.

నీ ఈ కళ ఎరగనివారూ ఉన్నారు. పుదుచ్చేరి దగ్గరి మా అరియాంకుప్పం పక్కనే అరికమేడు. 1945లో పురావస్తు శాస్త్రవేత్త మోర్టిమర్ వీలర్ అక్కడ తవ్విస్తే, ఇటలీ నుంచి ఓడెక్కి వచ్చిన అరెటైన్ మట్టిపాత్రలు దొరికాయి, లోపలి అడుగున కుమ్మరి పేరు ముద్రతో సహా. రెండు వేల ఏళ్ల నాటి ఆ మొరటువాడు, లోపలికి చూడగానే తెలిసిపోయేలా పేరు కొట్టేశాడు! పాపం, నీ శిష్యరికం దొరకలేదు. కడలూరు రోడ్డు బస్సులూ అదే తీరు: ఊరి పేరు నుదుటనే రాసుకుని తిరుగుతాయి, మర్మమన్నది ఎరగని జాతి.

రైలు స్టేషను లేని మా ఊరివారు పుదుచ్చేరి దాకా పోయి నీ దర్శనం చేసుకోక తప్పదు. కనుక ప్రయాణికులారా, బోర్డుకు భక్తితో నమస్కరించండి. బండి ఎటు పోతుందో మాత్రం టీ అమ్మేవాణ్ణి అడిగి ఎక్కండి.