గులాబిసూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం

“తెల్ల గులాబి ఇది. ఎండల వెట్టు అన్నా. నీళ్లు నిలవనియ్యకు. బతుకమ్మ వోయినంక కొమ్మలు కొయ్యి. వాసన పొద్దుగాల్ల చూడు.”

అవతారిక

వికారాబాద్‌లో గానీ తాండూరులో గానీ రోడ్డు పక్క నర్సరీ ముందు బండి ఆపి, నల్ల ప్లాస్టిక్ కవరులోని మొక్కను చేతిలోకి తీసుకున్నవారికి వినబడే ఉపదేశం ఇది. కర్త ఎవరో తెలియదు. రచనాకాలాన్ని కవరును బట్టి ఊహించుకోవాలి. శైలి చూస్తే అచ్చమైన సూత్రశైలి. ఒక్క మాట ఎక్కువుండదు, డబ్బులు చేతిలో పడ్డాక ఆ మాత్రం కూడా ఉండదు. సూత్రమన్నాక వ్యాఖ్యానం తప్పదు. వ్యాఖ్యాతలకు ఈ ప్రాంతం కొత్తేమీ కాదు. కాళిదాస కావ్యాలకు టీకలు రాసిన కొలాచల మల్లినాథసూరి ఊరు నేటి మెదక్ జిల్లా కొల్చారమే. ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ముందే మాట ఇచ్చాడు. ఈ టీకాకారుడు మొదటి మాటకు కట్టుబడతాడు. రెండోదాని విషయంలో పాఠకులు కాస్త ఓర్చుకోవాలి.

ప్రతిపదార్థం

తెల్ల = విచ్చిన తొలినాడు ధవళమైన; గులాబి = ముళ్లతో కూడిన పొద; ఇది = వేలితో చూపబడునదే గాని పేరు చెప్పబడనిది; ఎండల = ప్రధానంగా ఉదయపు ఎండయందు; వెట్టు = నాటుము; అన్నా = ఓయి కొనుగోలుదారుడా; నీళ్లు = ఉదకమును; నిలవనియ్యకు = మొక్క మొదట మడుగు కట్టనీకుము; బతుకమ్మ వోయినంక = సద్దుల బతుకమ్మను సాగనంపిన పిమ్మట; కొమ్మలు = శాఖలలో మూడింట ఒక వంతును; కొయ్యి = ఖండింపుము; వాసన = పరిమళమును; పొద్దుగాల్ల = ప్రాతఃకాలమందు; చూడు = ఆఘ్రాణింపుము.

తాత్పర్యం

సులభం. చిక్కల్లా ఒక్కటే: ఈ వాక్యం వికారాబాద్‌లో పూర్తిగా నిజం, తాండూరులో సగమే నిజం.

విశేషాలు

“తెల్ల గులాబి ఇది.” ఏది? నర్సరీలో పేరు చెప్పకుండా ఇచ్చే తెల్ల గులాబి పొద ఐస్‌బర్గ్ కావడానికి అవకాశం ఎక్కువ. 1958లో జర్మనీకి చెందిన కోర్డెస్ సంస్థ విడుదల చేసిన రకమిది. తల్లి రాబిన్‌హుడ్, తండ్రి వర్గో. పొదగా గుబురుకట్టే గుణం తల్లివైపుది, తెలుపు తండ్రివైపుది. ప్రపంచ గులాబి సంఘాల సమాఖ్య 1983లో దీన్ని తన గౌరవ జాబితాలో చేర్చుకుంది. గుత్తులుగా పూస్తుంది, మళ్లీ మళ్లీ పూస్తుంది, అలక తెలియని మొక్క. పరిమళం మాత్రం ముక్కు దగ్గర పెట్టుకుని బతిమాలితే తప్ప దొరకదు. అందువల్ల సువాసన కోరి కొనేవారు పూసిన మొక్కను వాసన చూసి కొనాలన్నది వ్యాఖ్యాత పక్షం. మొగ్గతో ఉన్న మొక్కను నమ్మకం మీద కొనడం భక్తుల లక్షణం.

పూర్వపక్షం: పరిమళమే కావాలంటే పాతకాలపు యూరప్ రకాలున్నాయి కదా? పారిస్ లక్సెంబర్గ్ తోటలో పుట్టిన మదాం హార్డీ తెల్లనిది, 1832 నాటిది, వాసనలో సాటిలేనిది. సమాధానం: నిజమే, కానీ అది ఏడాదికి ఒక్కసారి పూసే డమాస్క్ జాతి, గట్టి చలికాలం గడిస్తే తప్ప సరిగా మొగ్గ తొడగదు. తాండూరు చలి దానికి చలి కాదు. ఏడాది పొడుగునా పూసే గుణం యూరప్ గులాబీలకు పద్దెనిమిదో శతాబ్దం చివర చైనా గులాబీల నుంచి వచ్చింది. వాటిలో కొన్ని కలకత్తా మీదుగా ఓడలెక్కినందువల్ల బెంగాల్ గులాబీలన్న పేరు కూడా పొందాయి. కనుక మన పెరటికి ఆ చైనా రక్తం కలిసినదే తగింది.

డేవిడ్ ఆస్టిన్ 1988లో ఇచ్చిన వించెస్టర్ కేథడ్రల్ అలాంటిదే. తెలుపు, వాసన, పొద స్వభావం మూడూ ఉన్నాయి. అయితే ఇది సంకరంతో పుట్టింది కాదు. మేరీ రోజ్ అనే గులాబిరంగు రకంలో ఒక కొమ్మ దానంతటది తెల్లగా మారితే, ఆ కొమ్మ నుంచి అంటు కట్టి తీసినది. ఎప్పుడైనా ఒక కొమ్మ పూర్వజన్మ తలచుకుని గులాబిరంగు పువ్వు పూయవచ్చు. అప్పుడు కొన్నవారు నర్సరీకి వెళ్లి తగాదా పెట్టుకోకూడదు. ఆ కొమ్మను మొదటికంటా తీసేస్తే చాలు.

ఇంకొక తెలుపు ఉంది, మోసపు తెలుపు. మన దక్షిణాదిలో గులాబీలకు తరచుగా రోజా మల్టీఫ్లోరా అనే అడవి జాతి వేరుమొక్క మీద అంటు కడతారు. అంటు కింది నుంచి పిలక లేస్తే అది ఏపుగా పెరిగి, పై మొక్కను మింగి, చిన్నచిన్న తెల్ల పూల గుత్తులు పూస్తుంది. యజమాని తెల్ల గులాబి పూసిందని మురిసిపోతాడు. మూలకారుని మాట అక్షరాలా నిజమైనట్టే లెక్క.

తెల్లపువ్వు అంటే ఈ నేల మీద ఒక అనుమానం ఉందన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. గునుగు పువ్వు తెల్లగా ఉంటే చాలాచోట్ల దానికి రంగులద్ది బతుకమ్మలో పేరుస్తారు.

“ఎండల వెట్టు.” గులాబికి రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఆరు గంటలు ఏవన్నదే ప్రశ్న. తాండూరులో ఇంటి నేల బండ, వాకిలి బండ, చాలాచోట్ల ప్రహరీ కూడా నిలబెట్టిన నాపబండే. పడమటి ఎండలో కాగిన బండ పొద్దుగూకాక కూడా సెగలు కక్కుతుంది. తెల్ల రేకుల అంచులు ముందుగా మాడేది అక్కడే. తూర్పు వాకిట, మధ్యాహ్నం తర్వాత జామచెట్టు నీడ చేరేచోట, ఆ చెట్టు వేళ్లకు అందనంత దూరంలో నాటాలి. పొదకూ పొదకూ నడుమ నాలుగడుగులు వదలాలి.

ఆ నాలుగడుగుల్లో ఏముండాలో మూలంలో లేదు. గెర్‌ట్రూడ్ జెకిల్ వంటివారు కాటేజీ తోటను ఒక కళగా మార్చకముందు అది ఇంగ్లండు కూలిజనం కూరలూ మందుమొక్కలూ పూలూ కలగలిపి పెంచుకున్న ఇంటిముందరి నేల. ఆ లెక్కన పుదీనా పక్కన కనకాంబరం, గోంగూర మధ్య తులసి ఉన్న వికారాబాద్ పెరడు ఎవరి దగ్గరా పాఠం చెప్పించుకోనక్కర్లేదు. బంతి ఉంటే మరీ మేలు. దాని వేళ్లు నేలలోని నులిపురుగులను అణచివేస్తాయి.

“నీళ్లు నిలవనియ్యకు.” సూత్రానికి ఆయువుపట్టు ఈ మాట. రెండు ఊళ్లూ విడిపోయేది ఇక్కడే.

వికారాబాద్, తాండూరు ఒకే జిల్లావి, వాడి జంక్షన్ వైపు పోయే ఒకే రైలు మార్గం మీదివి. మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు. నేల మాత్రం వేరు. వికారాబాద్ వైపు, అనంతగిరి చుట్టుపక్కల ఎర్రటి జేగురు నేల. ఇనుము దండిగా ఉంటుంది, పోసిన నీరు ఇంకిపోతుంది. అక్కడ మూలకారుని ఆజ్ఞను నేలే పాటిస్తుంది. యజమాని పని వేసవిలో నీళ్లు పోయడమే. తాండూరులో నల్లరేగడి, దాని కింద సున్నపురాయి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందికి ఆ రుచి ఇచ్చేది ఈ నేలే. కందికి అమృతమైనది గులాబికి గండం. రేగడి నీటిని పట్టి వదలదు, వేళ్లకు ఊపిరి ఆడదు. సున్నం వల్ల క్షారగుణం పెరిగి, మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. ఈనెలు పచ్చగా ఉండి వాటి మధ్య ఆకంతా పసుపుబారుతుంది. చూసినవారు నీళ్లు చాలలేదని మరో బిందె పోస్తారు. మొక్క కథ అక్కడితో సరి.

ఉపాయం ఉంది. అడుగు ఎత్తు మడి కట్టి, ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి అందులో నాటాలి. ఆకు పసుపుబారితే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి పిచికారీ చేయాలి. చేతికందే దూరంలో ఉన్నాయి గదా అని బండల ముక్కలు మడి అడుగున పరచకూడదు. అవీ సున్నపురాయే.

దీనికొక అపవాదం. రోజా క్లైనోఫిల్లా అనే మన దేశపు అడవి గులాబి తెల్లగా పూస్తుంది, నీటి ఒడ్డున పెరుగుతుంది, ముంపునూ ఓర్చుకుంటుంది. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారిగా హైదరాబాద్‌లో పనిచేసి, ఉద్యోగం వదిలి కొడైకెనాల్‌లో స్థిరపడిన ఎం.ఎస్. వీరరాఘవన్ వేడి దేశాలకు తగిన గులాబీల కోసం సంకరానికి ఎంచుకున్న జాతుల్లో ఇదొకటి. చలిదేశపు గులాబిని బతిమాలి పెంచడం కంటే ఇక్కడిదాన్ని సంస్కరించడం మేలని ఆయన పట్టుదల. తాండూరు రేగడిని చూస్తే ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

“బతుకమ్మ వోయినంక కొమ్మలు కొయ్యి.” ఇక్కడ తిథి జారుతుంది. 2020లో అధిక ఆశ్వయుజం వచ్చి సద్దుల బతుకమ్మ అక్టోబరు 24న పడింది. 2025లో సెప్టెంబరు 30నే అయిపోయింది. గులాబికి పంచాంగంతో పని లేదు, వానతో పని. తడి గాలిలో కోస్తే కోత నుంచి కొమ్మ నల్లబడి కిందికి ఎండుతూ వస్తుంది. కనుక ‘వోయినంక’ అంటే మర్నాడని కాదు, వానలు వెనుదిరిగాక అని అర్థం. బయటివైపు చూసే కన్నుకు కాస్త పైన ఏటవాలుగా కోసి, లావు కోతలకు బోర్డో పేస్టు పూయాలి. ఆరేడు వారాల్లో పూత వస్తుంది. పొద గులాబిని హైబ్రిడ్ టీ రకంలా మోకాలి దాకా నరకడం కసాయితనం.

“వాసన పొద్దుగాల్ల చూడు.” పరిమళ తైలాలు ఎండ ఎక్కేకొద్దీ ఆవిరైపోతాయి, కన్నౌజ్ అత్తరువాళ్లు తెల్లవారుజామునే పూలు కోసేది అందుకే. తొమ్మిది దాటాక ముక్కు పెట్టి మొక్కను నిందించడం అన్యాయం. చేవెళ్ల, మొయినాబాద్ వైపు పాలీహౌస్‌లలో పెరిగి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేరే డచ్ గులాబీలకు ఏ వేళ చూసినా వాసన అంతంతే. వాటిని ఎంచిందే కాడ పొడుగుకూ, ఎక్కువ రోజులు వాడకుండా ఉండడానికీ. గులాబి పరిమళంలో ముఖ్యమైన జిరానియాల్ తయారీకి ఏ ఎంజైము కారణమో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు 2015లో తేల్చారు. వాసన లేని రకాల్లో అది దాదాపు పనిచేయడం లేదట.

ముక్కు పెట్టేముందు పువ్వును ఒకసారి విదిలించాలి. తామర పురుగులకు లేత రంగు పూలంటే ప్రీతి. వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్ల చొప్పున, సాయంత్రం వేళ కొట్టాలి.

పాఠాంతరం

తాండూరు ప్రతిలో మూలం చివర ఒక వాక్యం అధికంగా కనిపిస్తుంది: “పుయ్యకుంటె మల్ల రా.” ఇది తర్వాతివారు చేర్చిన ప్రక్షిప్తమని అమ్మినవారూ, నిస్సందేహంగా మూలమేనని కొన్నవారూ వాదిస్తున్నారు.