ఎవరూ రాని చోటుకి రెండు కార్లు

ఉయ్యూరు సెంటర్లో ఏ టీకొట్టు దగ్గర చూసినా ఒక ఏకాంతప్రియుడు తగులుతాడు. "జనం, రొద, హారన్లు... మనకి పడవండీ" అని నలుగురిని పోగేసి మరీ చెబుతాడు. ఫోన్‌లో కరీబియన్ దీవుల అఖాతం ఒకటి చూపిస్తాడు. నీలం నీళ్లు, కొబ్బరిచెట్లు, నరమానవుడు లేడు. ఫోటోలో ఓ మూల బారులు తీరిన తెల్లపడవల్ని మాత్రం ఆయన లెక్కలోకి తీసుకోడు. అంత దూరం వెళ్లే యోగం లేదు గనుక దానికి దీటైనది మన జిల్లాలోనే "కనిపెట్టాడు": హంసలదీవి దాటాక పాలకాయతిప్ప, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. "అక్కడ ఎవరూ ఉండరండీ" అంటాడు. ఆ ఆదివారమే రెండు కార్లు, బావమరదులు, బిర్యానీ డేగిసా, బ్లూటూత్ స్పీకరు పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ, కోడూరు మీదుగా బయల్దేరతాయి. దారిలో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి దర్శనం. అది లేకపోతే ఇంట్లో ఆడవాళ్లు ఈ ఏకాంతానికి ఒప్పుకోరు.

ఈయనకి కావలసింది నిశ్శబ్దమని నమ్మడం కష్టం. వీరమ్మతల్లి తిరునాళ్ల రోజులు మినహాయిస్తే, మధ్యాహ్నం రెండింటికి ఊరి చివర కాలవగట్టు మీద కావలసినంత నిశ్శబ్దం ఊరికే దొరుకుతుంది. అక్కడికి ఒక్కనాడూ పోడు. పోయొచ్చానని చెబితే "అయితే ఏంటంట?" అంటారు గనుక. పాలకాయతిప్పలో కారు దిగగానే సముద్రం వైపు కాదు, సిగ్నల్ వైపు చూస్తాడు. ఫోటో వెళ్తుంది, కింద "ప్రశాంతం" అని రాసి, దారి తెలిసేలా లొకేషన్ కూడా జతచేసి. నెల తిరక్కుండా అక్కడ పార్కింగ్ దొరకదు. అప్పుడాయన నిట్టూర్పు వినాలి: "పాడుచేసేశారండీ!" ఎవరో మాత్రం చెప్పడు.

ఇది మన జిల్లా జబ్బే అనుకోనక్కర్లేదు. సెయింట్ లూసియా దీవిలో మారిగో బే అని ఉంది. ఒకప్పుడు బ్రిటిష్ నౌకలు తెరచాప కొయ్యలకు కొబ్బరిమట్టలు కట్టుకుని ఫ్రెంచివారి కంటబడకుండా అందులో దాక్కున్నాయని అక్కడ కథగా చెప్పుకుంటారు. ఆ దాగుడుచోటు కథ విని వచ్చే పడవలతోనే ఇవాళ అది నిండిపోయింది.

రోజంతా రద్దీలో నలిగేవాడు వారానికోసారి గాలి పీల్చుకుంటే తప్పా, అని అడగవచ్చు. తప్పేం లేదు. ఆ గాలి తనొక్కడే కనిపెట్టానని చెప్పుకోవడం దగ్గరే పేచీ. మాఘపౌర్ణమికి సాగరసంగమ స్నానాలకు జనం పోటెత్తే క్షేత్రం హంసలదీవి. పాపులు మునిగి మునిగి నల్లబడ్డ గంగ కాకిరూపంలో వచ్చి హంసగా తేలింది అక్కడేనని స్థలపురాణం. అంటే ఏకాంతం కోసం గంగ కూడా ఈయనకంటే ముందే వచ్చి వెళ్లింది. అక్కడ వలలు లాగేవాళ్లు ఈయన జనాభా లెక్కల్లో లేరు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వేలమందిని మింగిన దివిసీమలో నిలబడి "ఎవరూ లేరు, ఎంత హాయో" అనడానికి కాస్త జంకు ఉండాలి.

ఈయన వల్లేగదా అక్కడ బోండాలమ్మేవాడికి నాలుగు డబ్బులు, అనేది ఇంకో వాదన. ఒప్పుకోవలసిందే. నిజంగా ఏకాంతం కోరేవాడు నోరు మూసుకునేవాడు, ఆ బోండాలవాడు పస్తుండేవాడు. కాబట్టి ఈయన వెళ్లాలి, ఫోటోలూ పంపాలి. కాకపోతే చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా ఆ ఇసుకలోకి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటికి చీకటీ నిశ్శబ్దమూ నిజంగానే కావాలి. అందుకని బాబ్బాబు, స్పీకరు ఇంట్లో వదిలి వెళ్లండి, ఖాళీ సీసాలు మాత్రం ఉయ్యూరు తిరిగి తెచ్చుకోండి.