ఫ్రెషర్లు కావలెను, అనుభవం తప్పనిసరి

ఉద్యోగ ప్రకటనలు రాసేవాళ్లకి ఏటా ఒక సాహిత్య బహుమతి ఇవ్వాలి. ‘ఫ్రెషర్లు మాత్రమే దరఖాస్తు చేయండి, కనీసం 2 ఏళ్ల అనుభవం ఉండాలి’ అని రాయడానికి ఎంత గుండె కావాలి! పెళ్లికాని కుర్రాడు కావలెను, ఇద్దరు పిల్లలుంటే మేలు అన్నట్టుంది. ‘జీతం పరిశ్రమ ప్రమాణాల ప్రకారం’ అనేది ఇంకో కళాఖండం. ఆ ప్రమాణం ఫ్రెషరుకి ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గర కాళ్లు బారజాపుకుని కూర్చుని చాలా ఏళ్లయింది. ఈలోగా ఎస్సార్ నగర్ హాస్టల్ ఫీజూ, ఇడ్లీ ప్లేటు ధరా మాత్రం ఎప్పటికప్పుడు ప్రమోషన్లు కొట్టేస్తున్నాయి.

ఇలాంటి ప్రకటనకి నిజం రాసి పంపడం మర్యాద కాదని మన కుర్రాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మా అన్నయ్య కొడుకు బీటెక్ అయిపోయి, పెట్టె సర్దుకుని హైదరాబాద్ వచ్చాడు. “బాబాయ్, రెజ్యూమే ఒకసారి చూసి పెట్టవా” అని వాట్సాప్‌లో పంపాడు. మూడు పేజీలు. మొదట కెరీర్ ఆబ్జెక్టివ్: పేరున్న సంస్థలో, సవాళ్లతో కూడిన వాతావరణంలో, తన నైపుణ్యాలన్నీ ధారపోసి, సంస్థ ఎదుగుతుంటే దాంతోపాటు తనూ ఎదుగుతాడట. ఈ పేరాని మొదట రాసిన మహానుభావుడెవరో చరిత్రకెక్కలేదు. కాపీకి పావలా చొప్పున రాయల్టీ అడిగుంటే ఈపాటికి ఆ పేరున్న సంస్థేదో ఆయనే కొనేసి ఉండేవాడు.

తర్వాత బలాలు: కష్టపడే తత్వం, పాజిటివ్ ఆటిట్యూడ్, ఏదైనా ఇట్టే నేర్చుకోవడం. బలహీనత: చేపట్టిన పని పూర్తయ్యేదాకా నిద్ర పట్టకపోవడం. (వాళ్లమ్మ సాక్ష్యం ప్రకారం పొద్దున పది దాటితే గానీ లేవడు.) పుట్టినతేదీ, ఇంటి నంబరు, మండలం, జిల్లా, పాస్‌పోర్టు నంబరు, పెళ్లయిందో లేదో, అన్నీ ఉన్నాయి. గోత్రం ఒక్కటి కలిపితే మ్యారేజ్ బ్యూరోకి కూడా అదే పంపేయొచ్చు. చిట్టచివర ‘పై వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను’ అంటూ సంతకం.

అంతా బాగానే ఉంది గానీ తండ్రి పేరు దగ్గర మా అన్నయ్య పేరు లేదు.

“ఒరేయ్, ఈయనెవర్రా?”

“ఎవరో తెలీదు బాబాయ్. నెట్ షాపన్న వేరేవాళ్ల ఫైలు తెరిచి సేవ్ యాజ్ కొట్టాడు. అదొక్కటి మార్చడం మర్చిపోయుంటాడు.”

డిక్లరేషన్‌లో ‘నాకు తెలిసినంతవరకు’ అని పెద్దలు ఎంత ముందుచూపుతో పెట్టారో చూశారా!

మేజర్ ప్రాజెక్టు సంగతీ అంతే. మొహం చూసి హాజరు వేసే సాఫ్ట్‌వేర్, నలుగురి టీము. ‘ఐఈఈఈ ప్రాజెక్టులు లభించును’ అన్న బోర్డు కింద రిపోర్టు, స్లైడ్లు, వైవాలో అడగబోయే ప్రశ్నలు, వాటి జవాబులు కలిపి కొన్న సరుకు. ఏ పద్ధతిలో మొహాలు గుర్తుపడుతుందిరా అంటే అది టీమ్ లీడర్ చూసుకున్నాడంటాడు. టీమ్ లీడర్‌ని అడిగితే షాపువాడు చూసుకున్నాడంటాడు.

“సరే, ఇవన్నీ పక్కన పెట్టు. నీ చేత్తో నువ్వు చేసిందేదైనా ఉందా?” అన్నాను.

చాలాసేపు ఆలోచించాడు. “ఏం లేదు బాబాయ్. సెలవుల్లో మావయ్య కొట్లో కూర్చునేవాణ్ణి, అంతే.”

మావయ్య కొట్టంటే గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. సీజన్లో లారీలకి లారీలు సరుకు దిగుతుంటే కాలు పెట్టడానికి చోటుండదు, ఎండుమిర్చి కోరుకి తుమ్ములు ఆగవు. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), కాటా ఎంత తూగింది, గోతాం బరువు ఎంత తియ్యాలి, ఏ రేటుకి తెగింది, హమాలీ ఎంత, కమీషన్ ఎంత, చివరికి రైతు చేతికి ఎంత అన్నది గుమస్తా పుస్తకాల మీద వంగి రాత్రి పదింటిదాకా రాసేవాడు. మనవాడు ఒక సెలవుల్లో కూర్చుని ఆ లెక్కంతా ఫోన్లో షీట్ కట్టాడు. కాటా దగ్గరే అంకె కొడితే మిగతాది అదే తేల్చేస్తుంది. రైతు బస్టాండు చేరేలోపు అతని వాట్సాప్‌కి చీటీ వెళ్తుంది. గుమస్తా ఏడింటికల్లా ఇంటికి పోయి పిల్లలతో అన్నం తింటున్నాడు. ఒకసారి తేజ రకం లాటులో మూడు టిక్కీలు వేరే రైతు పేరున పడితే ఆ షీటే పట్టుకుంది.

“మరి ఇది రాయలేదేంట్రా?”

“ఛ, ఊరుకో బాబాయ్. అది అనుభవం ఎలా అవుతుంది? మిర్చి!”

ఏం చేశావు, ఎంత చేశావు, నువ్వు చేశాక ఏం మారింది అనే మూడు ముక్కల కోసం రెజ్యూమే చదివేవాడు మొహం వాచి ఉంటాడు. ఆ మూడూ ఉన్న ఒకే ఒక్క పేరాని మావాడు పరువు తక్కువని తీసేసి, ఊరూ పేరూ తెలియని ఒకాయన్ని తండ్రిగా పెట్టుకున్నాడు.

హాస్టల్ స్నేహితుల సలహా ఇంకా సులువు: “ఫేక్ పెట్టెయ్ మామా.” అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఏ కోర్సు కావాలన్నా దొరుకుతుంది. వాకబు చేస్తే ఏ అనుభవం కావాలన్నా కూడా దొరుకుతుంది. ఆఫర్ లెటర్, నెలనెలా పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ కలిపి ‘మూడేళ్లు’ ఒక సంచిలో పెట్టి ఇస్తారు. ఎవరైనా ఫోన్ చేస్తే ఎత్తడానికి ఒక మనిషి ఉంటాడు. పొద్దున హెచ్‌ఆర్, మధ్యాహ్నం మేనేజర్, అవసరమైతే గొంతు సన్నం చేసి రిసెప్షనిస్టు కూడా ఆయనే. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే కుర్రాడు పెదవులు కదిపితే చాలు, మాటలు పక్కగదిలోంచి వస్తాయి. డబ్బింగ్ సినిమాలు చూసి పెరిగిన జాతి మనది, ఆ మాత్రం చేతకాదా?

ఈ కుటీర పరిశ్రమకి అసలు దెబ్బ 2014లో తగిలింది. భవిష్యనిధి వాళ్లు ఉద్యోగికొక పన్నెండు అంకెల యూఏఎన్ నంబరు ఇచ్చారు. ఎక్కడెక్కడ ఏ నెల నుంచి ఏ నెల వరకు పనిచేశాడో మొత్తం అందులో కనబడుతుంది. రెజ్యూమేలో మూడేళ్లు కొలువు చేసిన కంపెనీ పీఎఫ్ పాస్‌బుక్‌లో లేకపోతే, దేశసేవగా ఉచితంగా చేశానని చెప్పుకోవాలి. అయితే మన కన్సల్టెన్సీలని తక్కువ అంచనా వేయకండి. ఇప్పుడు ‘విత్ పీఎఫ్’ అయితే ఒక రేటు, ‘వితౌట్’ అయితే ఒక రేటు. అప్పుడప్పుడు పోలీసులొచ్చి కంప్యూటర్లు, రబ్బరు స్టాంపులు బల్లమీద పరిచి ఫొటో దిగుతారు. అది పేపర్లో చూసి, ఓహో అక్కడ దొరుకుతాయన్నమాట అని చిరునామా రాసుకునేవాళ్లూ ఉంటారు.

కంపెనీల వైపు ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్ కాపలా కాస్తుంది. ప్రకటనలో ఉన్న మాటలు రెజ్యూమేలో ఉన్నాయా లేదా అన్నదే దాని గోల. రెండు నిలువు వరసలు, పట్టికలు, సూటు వేసుకున్న ఫొటో, జావాకి అయిదులో నాలుగు చుక్కలు, ఇలాంటి అలంకారాలు దానికి తలకెక్కవు. ప్రకటన మొత్తాన్ని తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో అతికించి దాన్ని బుట్టలో వేద్దామనుకున్న ఘనులున్నారు. అది రంగులన్నీ కడిగేసి, ఆ దొంగ పేరాని నల్లక్షరాల్లో హెచ్‌ఆర్ ముందు పెట్టింది. ఈమధ్య కుర్రాళ్లు చాట్‌జీపీటీతో రాయిస్తున్నారు, అటువైపు మరో యంత్రం చదువుతోంది. యంత్రం రాసింది యంత్రం చదివి, అర్ధరాత్రి రెండింటికి ‘మీ దరఖాస్తును జాగ్రత్తగా పరిశీలించిన మీదట’ అని మెయిలు కొడుతుంది. కష్టపడే తత్వమంటే అదీ!

ఈ యంత్రాలేవీ లేని రోజుల్లో, 1482 ప్రాంతంలో, లియొనార్డో డావిన్చీ మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జాకి కొలువు కోరుతూ ఉత్తరం రాశాడు. అవతలివాడికి యుద్ధాల గోల ఉందని తెలిసి వంతెనలు, ఫిరంగులు, కప్పున్న రథాల గురించి అంశాలవారీగా చెప్పి, బొమ్మలు కూడా వేస్తానని చివర్లో ఒక ముక్క పడేశాడు. ఎదుటివాడి అవసరం ఎరిగి రాసిన దరఖాస్తుకి ఇంతకన్నా మంచి పాఠం లేదు. అయినా ఇవాళైతే పనికిరాడు. పదో తరగతి నుంచి అరవై శాతం తగ్గకూడదు, బ్యాక్‌లాగులు ఉండకూడదు.

మావాడి చేత ఆబ్జెక్టివ్, హాబీలు, పరాయి తండ్రి, కొన్న ప్రాజెక్టు తీసేయించి, మిర్చి యార్డుని పైకెక్కించి, ఒక్క పేజీకి కుదించాం. మొన్న ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. కాటా దగ్గర్నుంచి రైతు ఫోను దాకా లెక్క ఎలా నడుస్తుందో హెచ్‌ఆర్ మేడమ్ అడిగి అడిగి చెప్పించుకుందట. మావాడు గాల్లో తేలిపోతుండగా ఆఖరి ప్రశ్న వేసింది: “ఆవకాయకి ఏ మిర్చి మంచిది?”

“తేజలో ఘాటుంటుందండీ, బాడిగలో రంగుంటుంది. రెండూ కలిపి కొట్టించాలి.”

ఆఫర్ లెటర్ ఇంకా రాలేదు. ఈలోగా మేడమ్ నాలుగు కేజీలకి ఆర్డరిచ్చింది, ఆఫీసులో ఇంకో ఇద్దరు రేటు కనుక్కోమన్నారు.