ఉన్నవి 64, పంచినవి 96

మిర్యాలగూడలో రైస్‌మిల్లు, కోదాడలో ఎరువుల దుకాణం, సూర్యాపేటలో ఆఫీసు. మూడూ మా సేటువే. మూడింటి లెక్కలూ ఆఫీసు వెనక గదిలో, ఏసీ కింద రాత్రీపగలూ గుర్రుపెట్టే ఒక్క సర్వర్‌లో ఉంటాయి. దాన్ని మూడు వర్చువల్ మెషీన్లుగా విడగొట్టి, వాటికి ఆ ఊళ్ల పేర్లే పెట్టాను. అంతవరకు నా తెలివికి వంక పెట్టలేరు.

సర్వర్‌లో ఉన్నది 64 జీబీ ర్యామ్. మొదట తలా 16 ఇచ్చాను. "అన్నా, కోదాడ మస్తు స్లో నడుస్తుందే" అని అక్కడి పిల్లాడు ఫోన్ చేస్తే 32 చేశాను. ఒకరికిచ్చి ఒకరికి ఇవ్వకపోతే బాగుండదని మిగతా రెండింటికీ 32 చేశాను. మొత్తం 96. ఈ మెషీన్లను నడిపే హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్ఐ కిక్కురుమనలేదు. అందరూ ఒకేసారి అంతా వాడుకోరన్న ధీమా మీదే దాని వ్యాపారం. వాడుకోబోతే బెలూన్ ఉంది. 2002లో కార్ల్ వాల్డ్‌స్పర్గర్ తన పరిశోధన పత్రంలో వివరించిన కిటుకది: మెషీన్ లోపలే ఒక డ్రైవర్ బుడగలా ఉబ్బి మెమరీని పట్టుకుంటుంది, అలా ఖాళీ అయినదాన్ని హైపర్‌వైజర్ పక్కదానికి ఇస్తుంది. అదీ చాలకపోతే డిస్కు మీది స్వాప్ ఫైలే దిక్కు. ర్యామ్ చేయాల్సిన పని డిస్కు చేస్తే ఏమవుతుంది? 32 ఇచ్చాక కోదాడ ఇంకా నత్తనడకైంది.

సాగర్ ఎడమ కాలువ చివరి భూముల్లో పుట్టినవాణ్ణి నేను. కాగితం మీద ఆయకట్టు ఎంతైనా రాసుకోవచ్చని, నీళ్లు మాత్రం పైవాళ్లు తడుపుకున్నాకే కిందికొస్తాయని మా నాన్న వారబందీ రోజున గట్టు మీద కూర్చుని తిట్టిన తిట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. ఆయన కొడుకునే ఈ పని చేశాను.

డిస్కుదీ అదే తంతు. చేతిలో ఉన్నది 1.8 టీబీ. థిన్ ప్రొవిజనింగ్‌లో తలా 800 జీబీ రాసిచ్చాను. రాసినంత మేరకే చోటు పడుతుంది కదా, నిండేనాటికి చూసుకుందాం అనుకున్నా. దానికి తోడు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చేముందు మూడింటికీ స్నాప్‌షాట్ తీశాను. పని సజావుగా అయ్యింది, స్నాప్‌షాట్లను మరిచిపోయాను. మరిచిపోయానంటే పూర్తి నిజం కాదు. బ్యాకప్‌లా పడుంటుందిలే అనుకున్నాను. అది బ్యాకప్ కాదు. ఆనాటి నుంచి జరిగే ప్రతి మార్పూ వేరే ఫైల్లోకి పోతుంది, అది పెరుగుతూనే ఉంటుంది, అదీ అదే డిస్కు మీద. నాలుగు నెలలు పెరిగింది.

ఏప్రిల్‌లో యాసంగి వడ్లు మిల్లుకు దిగుతున్న రోజు. పొద్దున పదకొండింటికి గుమాస్తా ఫోన్: "బాబూ, నీ డబ్బా పండుకున్నది. కాంటా ఆగింది. లారీలు గేటు దాటి రోడ్డుకెక్కినయ్."

స్క్రీన్ మీద మిర్యాలగూడ స్తంభించి ఉంది. చోటు లేదు, కొంత ఖాళీ చేసి మళ్లీ ప్రయత్నించు అని దాని సారాంశం. స్నాప్‌షాట్ తీసేద్దామంటే దాని మార్పులు అసలు డిస్కులో కలపాలి, థిన్ డిస్కు కాబట్టి అందుకూ చోటు కావాలి. అప్పుడు గుర్తొచ్చింది. మెషీన్ ఆన్ చేయగానే దానికిచ్చిన మెమరీ అంత స్వాప్ ఫైల్ డిస్కు మీద పుడుతుంది. దొరబాబులా నేను పంచిన ఒక్కో 32 జీబీ ఇక్కడ ఇంకో 32 జీబీ తింటోంది. కోదాడను ఆపేశాను. 32 జీబీ ఖాళీ అయింది. మిర్యాలగూడ లేచి కూర్చుంది. కోదాడలో ఎరువుల కోసం వచ్చిన రైతులకు ఆ సాయంత్రం దాకా బిల్లు లేదు.

ఆ మధ్యలో గడిచిన గంటన్నర గుమాస్తా కార్బన్ పేపర్ పెట్టి చేత్తో చిట్టీలు రాశాడు. పాత చిట్టీల పుస్తకం మేకుకు వేలాడుతూనే ఉందట. స్నాప్‌షాట్లు కలపడం తెల్లవారుజాముకు తెమిలింది.

ఇప్పుడు మళ్లీ తలా 16. సేటుకు మాత్రం ఆ రోజు కరెంటు పోయిందని చెప్పాను. కాంటా గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉండిందని గుమాస్తాకు తెలుసు.