చెప్పాపెట్టని పెద్దమనిషి

తెల్లవారుజామున మాచర్ల బస్టాండులో హైదరాబాదు బస్సు దిగేవాళ్లను ఒకసారి గమనించండి. పండక్కి వచ్చినవాడి చేతిలో స్వీటు డబ్బా ఉంటుంది. పెళ్లికి వచ్చినవాడి భుజాన కవరులో కోటు వేలాడుతుంటుంది. మనవాడి చంకలో దిండు ఉంటుంది. హాస్టలువాడు మంచం ఇస్తాడు, పరుపు ఇస్తాడు, దిండు మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. సెలవు పెట్టి వచ్చేవాడెవడూ దిండు మోసుకురాడు. అందుకే టీ కొట్టు ఆయన గ్లాసు చేతికిస్తూనే తేల్చేస్తాడు: "ఇది కూడా అయిపోయిందా అబ్బాయ్?"

మనవాడు టీ ఊదుకుంటాడు. అవుననడు, కాదనడు.

నరసరావుపేటలో బీటెక్, అమీర్‌పేటలో కోర్సు, మాదాపూర్‌లో ఉద్యోగం. మా పల్నాడు కుర్రాళ్లు చాలామంది నడిచే దారే అతనిదీ. చదువులో మందకొడి కాదు, పనిదొంగ అసలే కాదు. ఉద్యోగం తెచ్చుకోవడం అతనికి కష్టం కాదు, చేరడం కష్టం కాదు, చేయడమూ కష్టం కాదు. మానేస్తున్నానని చెప్పడమే కష్టం. ఎదుటి మనిషి మొహంలోకి చూసి "రేపట్నుంచి రాను సార్" అనే మాట చచ్చినా నోట రాదు. పెళ్లి బంతిలో ఇంకో గరిటె పులిహోర వేస్తానంటే వద్దనలేక తిని, ఇంటికొచ్చి ఈనో తాగే రకం. ఇంకొకడైతే గొడవపడి, రాజీనామా పారేసి, నోటీసు పీరియడంతా కాలుమీద కాలేసుకుని కూర్చుని జీతం తీసుకుంటాడు. మనవాడు మరీ మంచివాడు. అందుకే పారిపోతాడు.

కారణాలు అతనికుంటాయి, తీసిపారేసేవి కూడా కావు. జావా అని తీసుకుని, చేరాక రాత్రి షిఫ్టులో అమెరికావాళ్ల ఫోన్లు ఎత్తమంటారు. ఇంటినుంచే పని అని చెప్పి, రెండో వారానికి వేలిముద్ర మిషను దగ్గర నిలబెడతారు. ఈలోగా ఇంకోచోటినుంచి ఎక్కువ జీతంతో ఆఫరొస్తుంది, వచ్చే సోమవారమే చేరాలన్న షరతుతో. ఇక్కడొక తమాషా ఉంది. తన దగ్గర మానేసేవాడు తొంభై రోజులు ఆగాల్సిందేనని కాగితంమీద రాయించుకున్న కంపెనీయే, పక్కవాడి మనిషిని తీసుకునేటప్పుడు మాత్రం వారంలో ఊడిపడమంటుంది. ఈ లెక్క ఎవరు చెయ్యగలరో నాకైతే తెలియదు. మనవాడు చేసే పద్ధతి ఒకటుంది.

శుక్రవారం సాయంత్రం అందరికంటే ఆలస్యంగా లేస్తాడు. ముందు లేస్తే "ఏంటి, త్వరగా?" అని ఎవరో ఒకరు అడుగుతారు, జవాబు చెప్పాలి. ల్యాప్‌టాప్ కంపెనీది. పరాయి సొమ్ము పైసా అక్కర్లేదు కాబట్టి దాన్ని సొరుగులో పెట్టి తాళం వేస్తాడు. కుర్చీకి స్వెట్టరు తగిలిస్తాడు. బల్లమీద స్టీలు క్యారియర్ ఉంచుతాడు. సోమవారం టీమ్ లీడ్ అటువైపు చూస్తే, మనిషి టీకి వెళ్లినట్టుండాలి. బుధవారం దాకా అలాగే ఉంటుంది. గురువారానికి అడుగు గిన్నెలో మిగిలిన సాంబారు సంగతి అంతస్తంతా తెలిసిపోతుంది. రిజిగ్నేషన్ లెటర్ అనేదేదైనా ఉంటే అదే.

శుక్రవారం రాత్రి ఎల్బీనగర్‌లో బస్సెక్కుతాడు. ఇబ్రహీంపట్నం దాటాక అంతరాత్మ లేచి కూర్చుంటుంది. టీమ్ లీడ్‌కు వాట్సాప్‌లో మొదలుపెడతాడు: "సార్, కొన్ని ఇంటి పరిస్థితుల వల్ల..." తరవాతి మాట దొరకదు. చెరిపేస్తాడు. మళ్లీ "సార్" దగ్గర మొదలు. అవతల ఆ పెద్దమనిషి అన్నం తింటూ, తెరమీద టైపింగ్ అని వస్తూ పోతూ ఉండడం చూసి, కుర్రాడు ఏదో పెద్ద విషయమే చెప్పబోతున్నాడని కాచుక్కూర్చుంటాడు. మల్లేపల్లి దాకా ఈ గుంజాటన. సాగర్ దగ్గర కృష్ణ దాటగానే మనవాడు ఫోను ఆపేసి నిద్రపోతాడు.

ఆఫీసు వాట్సాప్ గ్రూపులోంచి కూడా బయటికి రాడు. వస్తే అడ్మిన్‌కు తెలిసిపోతుందని భయం. మోత వినపడకుండా పెట్టుకుని ఊరుకుంటాడు. ఆ ఆఫీసులో ఏ రోజు ఎవరి పుట్టినరోజో, ఎవరికి ఆడపిల్ల పుట్టిందో అతనికి ఇప్పటికీ తెలుసు.

చట్టం గురించి అడిగితే మాత్రం మొహమాటం ఉండదు, గడగడా చెబుతాడు. అడ్వాన్సు తీసుకుని పనికి రాని కూలీని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి జైలుకు పంపే చట్టం ఒకటి తెల్లదొరలు 1859లో చేశారు. 1925లో గాని దాన్ని రద్దు చేయలేదు. ఇప్పుడు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ప్రకారం, మనిషిని పట్టుకొచ్చి కుర్చీలో కూలేసి పనిచేయించమని ఏ కోర్టూ అనదు. మనవాడు చదివింది అంతవరకే. నష్టపరిహారం అడిగే హక్కు కంపెనీకి ఉంటుందన్న మిగతా సగం వాళ్ల నాన్న పేపర్లో చదివాడు. 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లు నిండకుండా వెళ్లే ఉద్యోగి రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. ఆయన ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్జుమీద అంటించాడు. అప్పట్నుంచి మనవాడు చల్లనీళ్లు తాగడం మానేశాడు.

ఆ నాన్న మిరప రైతు. ఈ కథలో యజమాని బాధ తెలిసిన మనిషి ఆయనొక్కడే. మూడో ఉద్యోగం వదిలి మనవాడు దిగిందీ సరిగ్గా కోతల్లోనే. అడ్వాన్సు పట్టుకెళ్లిన ముఠా ఆ పొద్దున చేలోకి రాలేదు. మేస్త్రీ ఫోను స్విచ్చాఫ్. ఇంకో నాలుగు రోజులు ఆగితే కాయ తాలుపడుతుంది, తాలుకాయకు గుంటూరు యార్డులో పలికే ధర గురించి చెప్పుకోకపోవడమే మంచిది. గట్టుమీద నిలబడి ఆయన మేస్త్రీని వంశంతో సహా తిడుతుంటే, పక్కన మనవాడు చేతులు కట్టుకుని వింటున్నాడు. తిట్లు ఒక్కసారిగా ఇటు తిరిగాయి.

"వాడికీ నీకూ తేడా ఏందిరా?"

"వాడు అడ్వాన్సు తీసుకున్నాడు నాన్నా. నేను జాయినింగ్ బోనస్ తీసుకోలా."

పాపం, నిజమే. ఆయన దానికి జవాబు వెతుక్కుంటుంటే తాత అందుకున్నాడు. తన రోజుల్లో ఏడాది జీతానికి కుదిరిన పాలేరు ఉగాదికి లెక్క తేల్చుకుని గాని గడప దాటేవాడు కాడట. తాత చెప్పనిది నేను చెబుతాను: చాలామందిని అక్కడ కట్టేసి ఉంచింది నమ్మకం కాదు, ఆసామి దగ్గర తీసుకున్న అప్పు. వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లోనే గదా.

ఊళ్లో పెద్దలు ఇంకా వెనక్కి వెళ్తారు. "బ్రహ్మనాయుడు తిరిగిన ఊళ్లో పుట్టి ఇదేం పనిరా! కోడిపందెంలో ఓడిపోయి, ఇచ్చిన మాటకు ఏడేళ్లు అడవుల్లో ఉన్నారు వాళ్లు" అని చెన్నకేశవస్వామి గుడి అరుగుమీద కూర్చోబెట్టి హితబోధ చేస్తారు. మనవాడు వినయంగా తల ఊపుతాడు. ఆనక నాతో అన్నాడు: "మాచర్లలో నోటీసు పీరియడ్ పూర్తిగా సర్వ్ చేసింది వాళ్లే బాబాయ్. గడువు తీరాక మా రాజ్యం మాకివ్వండని అలరాజును పంపితే, వాళ్లకు దొరికిన ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ ఏంది? విషం!" పల్నాటి వీరచరిత్రను ఆ కోణంలో చదివినవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు.

ఇంత మొహమాటస్తుడూ ఒకచోట మాత్రం ధైర్యంగా వీడ్కోలు చెబుతాడు. పీఎఫ్ వెబ్‌సైటులో. కంపెనీ ఆఖరిసారి చందా కట్టి రెండు నెలలు గడిచాక, ఉద్యోగం మానేసిన తేదీని సభ్యుడే నమోదు చేసుకోవచ్చు. మనిషి మొహం ఉండదు, ఎందుకని అడిగే నోరు ఉండదు, ఫోనుకొచ్చే ఓటీపీ కొడితే చాలు. మనవాడు అర్ధరాత్రి కూర్చుని ఆ తేదీ నింపి, తృప్తిగా నిట్టూరుస్తాడు. ఆ తేదీలన్నీ ఒకే నంబరు కింద వరసగా చేరుతున్నాయని, రెజ్యూమెలో దాచిన రెండు నెలల ఉద్యోగం రేపు వెరిఫికేషన్‌వాళ్లకు అక్కడే కనపడుతుందని తెలుసు. తెలిసినా అది రేపటి మొహమాటం.

ఇక తల్లి. ఆవిడకు పోయిన ఉద్యోగాలమీద పెద్ద దిగులు లేదు, పోయిన క్యారియర్లమీద ఉంది. ఉద్యోగానికొకటి చొప్పున హైదరాబాదులో దిగబడుతున్నాయి. కిందటిసారి వదిలింది మామూలుది కాదు, ఆవిడ పెళ్లికి మేనమామ పెట్టిన నాలుగు గిన్నెలది, పేరూ ఊరూ కొట్టించినది. సరిగ్గా ఆ వారంలోనే హెచ్చార్ అమ్మాయి, ఎమర్జెన్సీ కాంటాక్టు అని రాసిన నంబరుకు చేసింది. తల్లి ఫోను స్పీకర్లో పెట్టి చిక్కుళ్లు వలుస్తోంది.

"ఆంటీ, మీ అబ్బాయి అబ్‌స్కాండింగ్‌లో ఉన్నారు."

"లేదమ్మా, మేడమీద ఉన్నాడు. పిలవనా?"

మెట్లమీద మనవాడు రెండు చేతులూ జోడించి వద్దు వద్దని సైగలు చేస్తున్నాడు. ఆవిడ అటు చూడనైనా చూడలేదు.

"ల్యాప్‌టాప్ హ్యాండోవర్ చేయలేదు ఆంటీ. సొరుగు తాళం తీసుకెళ్లిపోయారు."

"తాళంచెవి ప్యాంటు జేబులో దొరికింది తల్లీ, ఉతకబోయే ముందు చూశా. రేపే పంపిస్తా. మరి మా క్యారియరు?"

అవతల కాసేపు ఎవరితోనో గుసగుసలు. "పాంట్రీలో ఏదో ఉందంట ఆంటీ. కడిగించి పెట్టాం."

"చల్లగా ఉండు తల్లీ. అన్నం తిన్నావా?"

మూడు నెలల నోటీసు, రికవరీ, లీగల్ మెయిలు, అన్నీ ఆ ఫోనులోనే తేలిపోయాయి. తాళంచెవి ఆర్టీసీ కార్గోలో వెళ్లింది, క్యారియర్ ఆర్టీసీ కార్గోలో వచ్చింది. తల్లి పార్సిలు విప్పి గిన్నెలు ఒక్కొక్కటే వెలుతుర్లో తిప్పి చూసింది. నాలుగింటిమీదా పేరుంది. మూత దగ్గర ఆగిపోయింది.

"ఇది మనది కాదురా, మనదానికి పిడి గుండ్రంగా ఉంటుంది. ఆ అమ్మాయికి ఫోన్ చేసి మూత మారిందని చెప్పు."

"ఛార్జింగ్ లేదమ్మా" అంటూ మనవాడు మేడ ఎక్కేశాడు.