నాలుగు చుక్కల ఆవు

సరే, హంద్రీ-నీవా కాలువ అంతరిక్షం నుంచి కనపడుతోందట. ఆ బొమ్మ మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది: గోధుమరంగు నేల మీద నీలం గీత, పక్కన ఎర్ర బాణం, కింద మూడు దండాలు. నాకు పదకొండుసార్లు వచ్చింది. పదకొండోది పంపినవాడు మా తమ్ముడి కొడుకు. బెంగళూరులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. వాణ్ణి చదివించింది నేనే కనుక ఎవరినీ తిట్టడానికి లేదు.

కాలువ మీద నాకు పగేమీ లేదు. 2024 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి కుప్పం వైపు వచ్చి గేటు ఎత్తారు. 2025 ఆగస్టు 30న ఇంకో ముఖ్యమంత్రి పరమసముద్రం దగ్గర జలహారతి ఇచ్చారు. ఏ నీళ్ళు అసలువో తేల్చే పని వాళ్ళ కార్యకర్తలు చూసుకుంటారు. శ్రీశైలం నీళ్ళు మోటారు తర్వాత మోటారు ఎక్కి, ఇంత మెరక ప్రాంతం దాటి, తమిళనాడు గడప దాకా రావడం ఎంత పనో ఈ సీమలో పుట్టినవాడికి చెప్పక్కర్లేదు. ఆ గొప్ప చాలదా? మళ్ళీ ఆకాశం నుంచి సర్టిఫికెట్ ఎందుకు?

"ఏడొందల కిలోమీటర్లకు పైన ఉంది పెదనాన్నా, కనపడకుండా ఎట్ల పోతుంది?" అన్నాడు వాడు.

పొడుగుదేముందిరా! మీ అక్క జడలో వెంట్రుకా పొడుగే. కంటికి కావలసింది వెడల్పు. మంచి చూపున్న కన్నయినా డిగ్రీలో అరవయ్యో వంతు కంటే చిన్నదాన్ని విడదీసి చూడలేదు. అంతరిక్ష కేంద్రం తిరిగే నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి ఆ లెక్క దాదాపు 115 మీటర్లకు తేలుతుంది. చుట్టూ నేలకూ దానికీ రంగు బాగా తేడా ఉంటే ఇంతకన్నా సన్నటి గీత కూడా చిక్కవచ్చు, కాదనను. కానీ మన కాలువ కుప్పం చేరేసరికి ఈ గట్టున బీడీ ముట్టించినవాడు ఆ గట్టువాడితో గొంతు పెంచకుండా కబుర్లాడేంత వెడల్పు. ముందు హార్సిలీ కొండ ఎక్కి మదనపల్లెలో మన మిద్దె ఏదో వేలుపెట్టి చూపించు, తర్వాత అంతరిక్షం సంగతి మాట్లాడదాం అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

వాణ్ణని ఏం లాభం, ఈ జబ్బు పాతది. చైనా గోడ చంద్రుడి మీదికి కూడా కనపడవచ్చని స్టూక్లీ అనే ఇంగ్లండాయన 1754లోనే రాసిపెట్టాడు. మనిషి గాలిబుడగ ఎక్కడానికి అప్పటికింకా ముప్ఫై ఏళ్ళుంది. చంద్రుడి నుంచి ఆ గోడను చూడటమంటే నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్న తలవెంట్రుకను చూడటం. 2003లో చైనా తొలి వ్యోమగామి యాంగ్ లివె దిగివచ్చి, నాకు కనపడలేదని చెప్పాడు. సొంత దేశం గోడ, పాపం. ఆ మాట అనడానికి రాకెట్ ఎక్కేదానికంటే ఎక్కువ గుండె కావాలి.

ఇక "ఫొటో ఉంది కదా సార్" అనే జట్టు. నాయనా, ఫొటో తీసింది కన్ను కాదు, ఉపగ్రహం. 2019 నవంబరులో శ్రీహరికోట నుంచి ఎగిరిన కార్టోశాట్-3 ఐదొందల కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, నేల మీద పాతిక సెంటీమీటర్ల జాగాను ఒక చుక్కగా పట్టుకుంటుంది. ఈ లెక్కన అంతరిక్షం నుంచి కనపడనిదేది?

మదనపల్లె మార్కెట్లో టమోటా బాక్సు ఒక్కొక్కటీ రెండు మూడు చుక్కలు. రేపు ఏ మండీవాడో "అంతరిక్షం నుంచి కనపడే టమోటా" అని బోర్డు కట్టినా నేను ఆశ్చర్యపోను. 2023 జూలైలో కిలో రెండు వందల దరిదాపులకు పోయినప్పుడు అది నిజంగా ఆకాశంలోనే ఉంది. మా మిద్దె మీద ఊరమిరపకాయలు ఆరబెట్టిన చాప ముప్ఫై చుక్కలకు తక్కువ కాదు. ఆ లెక్కన మా ఆవిడ అంతర్గ్రహ స్థాయి కట్టడాల నిర్మాత.

పుంగనూరు ఆవును తీసుకోండి. వీపు మీద తోక నుంచి కొమ్ముల దాకా వరసగా నాలుగు చుక్కలు, మహా అయితే ఐదు. పొట్టిదనమే పేరుగా బతికే జీవి అది. మూడడుగుల ఎత్తు లేకపోవడమే దాని గొప్ప. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఇంట్లో ఆయన చేత్తో మేత మేసింది. అయినా నేను ఎంత ఎత్తు నుంచి కనపడతానని ఎవరినీ అడగలేదు. ఆవుకున్న నిబ్బరం మనకెందుకు లేదు? టాగూరు 1919లో మదనపల్లె కాలేజీలో కూర్చుని జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన ఊరు మనది. అదీ పైనుంచి కనపడదు.

కుప్పం గ్రానైటు క్వారీలు మటుకు పైనుంచి చూడదగ్గంత పెద్దవే. ఆ ఫొటో ఎవరూ స్టేటస్ పెట్టరు. ఏటా వచ్చే "నాసా తీసిన దీపావళి రాత్రి" జోలికి నేను పోను. అది ఏళ్ళ తరబడి తీసిన రాత్రి చిత్రాలకు రంగులు పూసి కలిపిన బొమ్మ. సంగతి తేలిపోయి పదేళ్ళు దాటినా, ఇప్పటికీ టపాకాయలతో పాటు అదీ పేలుతుంది.

ఇంతవరకూ నవ్వుకున్నాను. పోయిన ఆదివారం ఆ నవ్వు పోయింది.

టక్ చేసుకున్న కుర్రాడొకడు ట్యాబ్ పట్టుకుని ఇంటికొచ్చాడు. "సార్, మన వెంచర్ శాటిలైట్లో కనపడతాది సార్, చూడండి." చూశాను. చూడగానే ఆ చోటు గుర్తుపట్టాను. నేను ఈత నేర్చుకున్న చెరువు. బొమ్మలో కట్ట వంపు ఇంకా అట్లాగే ఉంది. కట్ట లోపల గళ్ళు గళ్ళుగా ప్లాట్లు. తూము ఉన్నచోట క్లబ్ హౌస్. నీళ్ళొచ్చే వంక మీద నలభై అడుగుల రోడ్డు. మరవను మూసి సెక్యూరిటీ గది.

సిగ్గుండాలి. ఆ చెరువు తవ్వినవాళ్ళు తమ పేరు కూడా చెక్కుకోలేదు. గంపలతో మట్టి మోసి, రాయి మీద రాయి పేర్చి, మన తాతల కడుపు నింపి పోయారు. మా ప్రాంతంలో మనిషి చేసినవాటిలో, పైన తిరిగేవాడి వట్టి కంటికి నిజంగా ఆనగలిగేది ఏదైనా ఉంటే ముందు చెరువే. ఎండ సరైన వాలులో పడితే చిన్న చెరువు కూడా అంత ఎత్తుకు అద్దం ముక్కలా తళుక్కుమంటుంది. వ్యోమగాములు అలాంటి ఫొటోలు ఎన్నో తీశారు. దాన్ని పూడ్చి, గళ్ళు గీసి, శాటిలైట్లో కనపడతాదని నాకే అమ్మజూపుతారా? కాలువ తెచ్చిందే చెరువులు నింపడానికి కదా. నీళ్ళు వచ్చాయి. పోయడానికి చెరువేదిరా?

ఇదంతా ఆ కుర్రాడితో అరిచే అన్నాను. వాడు భయపడలేదు. బహుశా రోజూ ఎవరో ఒక ముసలాయన అరుస్తూనే ఉంటాడు. "ఈస్ట్ ఫేసింగ్ రెండే మిగిలినాయి సార్," అని చెప్పి, మడత విప్పితే మంచమంత అయ్యే రంగుల కాగితం ఒకటి అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. మంచి మందం కాగితం. మా ఆవిడ చాప చిరిగిపోయిందని దాన్నే మిద్దె మీద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, ఊరమిరపకాయలు ఆరబోసింది.