పైకెళ్లేకొద్దీ...

వార్డు మెంబరుగా ఉన్నప్పుడు నాయకుడి ఇంటికి తలుపు మూసి ఎరగరు. నీళ్లు రాకపోతే ఆడవాళ్లు బిందెలతో సహా వంటింటిదాకా వెళ్లి అడిగేవారు. సర్పంచ్‌ అయ్యాక తలుపుకు గడియ పడింది. జడ్పీటీసీ అయ్యాక గేటు లేచింది. ఎమ్మెల్యే అయ్యాక గేటు దగ్గర గన్‌మన్‌ నిలబడ్డాడు. ఎంపీ అయ్యాక పీఏ వచ్చాడు. ఇప్పుడా పీఏ దొరకాలంటే ఆయన పీఏను పట్టుకోవాలి.

సర్పంచ్‌ ఎన్నికలో పార్టీ గుర్తులుండవు. ఉంగరం, కత్తెర లాంటివే ఇస్తారు. గెలిచిన సాయంత్రానికల్లా మెడలో కండువా మాత్రం తయారు! పైమెట్టు ఎక్కేనాటికి ఆ కండువా రంగు మారదన్న పూచీ లేదు. ఫిరాయింపులకు పగ్గం వేద్దామని 1985లో పదో షెడ్యూలు తెచ్చారు. పగ్గం చేతిలో ఉన్న స్పీకర్లు నిర్ణయం చెప్పేలోగా పదవీకాలమే ముగిసిపోయిన సందర్భాలున్నాయి.

అర్హతల తమాషా వేరు. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీకి పోటీ చేయరాదని ఉమ్మడి రాష్ట్రంలో 1994 చట్టం పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌ ఆ నిబంధనను 2024లో ఎత్తేసింది. పార్లమెంటుకు పోటీ చేసేవారికి ఈ షరతు ఏనాడూ లేదు. అంటే, ముగ్గురు పిల్లల తండ్రి మూడు దశాబ్దాలపాటు ఊళ్లో మురుగుకాల్వ తీయించడానికి పనికిరాలేదు. ఢిల్లీలో కూర్చుని దేశానికి కుటుంబ నియంత్రణ పాఠాలు చెప్పడానికి మాత్రం భేషుగ్గా పనికొచ్చాడు!